పిస్తోలుతో కాపురం

సూర్యప్రకాశ్ తన జీవితంలో కొత్త వస్తువు కొన్న పాపాన పోలేదు. కారు సెకండ్‌హ్యాండ్, లాన్‌మోవర్ సెకండ్‌హ్యాండ్, కూతురు అనన్య చిన్నప్పుడు వాయించిన పియానో ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆ పియానోకే తెలియదు. కొత్త వస్తువులో ఉండే కష్టాలన్నీ మొదటివాడు పడి పోతాడు, రెండోవాడికి సుఖం మిగులుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చింది తనొక్కతేనని భార్య ఆండాళ్ అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉంటుంది.

వర్జీనియాలో, షాంటిలీలో వాళ్ల కాపురం. ఆయన కౌంటీ నీళ్ల డిపార్ట్‌మెంట్‌లో పంపులనీ వాల్వులనీ కంటికి రెప్పలా చూసుకుని రిటైరైన మనిషి. వస్తువు ఎవడైనా కొంటాడు, దాన్ని చూసుకునేవాడే మగాడు అంటాడు. అలాంటి మనిషి చేతికి ఒక పిస్తోలు చిక్కితే ఏమవుతుందో ఆ ఏడాది షాంటిలీలో తెలుగువాళ్లందరూ చూశారు.

దానికి మూలం దొంగలు. రెండు వీధుల అవతల దామోదర్ గారి ఇంట్లో, వాళ్లు పెళ్లికి వెళ్లిన సమయం చూసుకుని, దొంగలు పడి బంగారమంతా ఊడ్చుకుపోయారు. ఇండియన్ల ఇళ్లల్లో బంగారం ఉంటుందన్న సంగతి దొంగలకు తెలిసిపోయిందని వాట్సాప్ గ్రూపులో గగ్గోలు పుట్టింది. ఒకరు కుక్కని కొనుక్కున్నారు, ఒకరు కుక్క అరుపు వినిపించే యంత్రం కొనుక్కున్నారు. సూర్యప్రకాశ్ పిస్తోలు కొంటానన్నాడు.

"మన బంగారం బ్యాంక్ లాకర్‌లో ఉంది కదండీ. ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది, మీ లాన్‌మోవరా?" అంది ఆండాళ్.

"బంగారం లేదని మనకి తెలుసు. వాడికి తెలీదుగా. అంత కష్టపడి లోపలికొచ్చి ఏమీ దొరక్కపోతే వాడికి ఒళ్లు మండదూ?"

దొంగ నిరాశ నుంచి కాపాడుకోవడానికి ఆయుధం కొన్న మొదటివాడు బహుశా ఈయనే అయి ఉంటాడు.

కొనడానికి తోడుగా మల్లికార్జునరావుని తీసుకెళ్లాడు. ఆ చుట్టుపక్కల ఏ తెలుగువాడు పాత కారు కొన్నా మల్లికార్జునరావు వచ్చి బానెట్ ఎత్తి చూసి ఊఁ అనాల్సిందే. పిస్తోలు గురించి ఆయనకు తెలిసింది గుండుసున్నా. అయినా బేరమాడేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. 'ఇది మనకొద్దులెండి' అని మొహం ముడుచుకుని తలుపు దాకా నడిచేవాడు లేకపోతే అది బేరమే కాదు.

షాపు యజమాని డేల్ అని ఒక పెద్దాయన. అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి, పాత సెమీ ఆటోమేటిక్ ఒకటి తీసి పెట్టాడు. ఒకసారి నొక్కితే ఒక తూటా పోతుంది, తర్వాతిది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది అని వివరించాడు. మల్లికార్జునరావు దాన్ని వాసన చూశాడు.

"సింగిల్ ఓనరేనా?" అని అడిగాడు.

"ఒకడే. రిటైరైన స్కూల్ టీచర్. ఆదివారాలు మాత్రమే కాల్చేవాడు."

"గరాజ్‌లో పెట్టేవాడా, బయట వదిలేసేవాడా?"

"బయట అంటే?" అన్నాడు డేల్.

"యాక్సిడెంట్లు ఏమైనా అయ్యాయా?"

డేల్ ఈ ప్రశ్నకి చాలాసేపు ఆలోచించి, తనకి తెలిసినంతలో లేవన్నాడు. మల్లికార్జునరావు పెదవి విరిచి, "ఇది మనకొద్దులెండి సూర్యంగారూ" అని తలుపు వైపు నడిచాడు. డేల్ జీవితంలో అలాంటిది చూసి ఎరగడు. కొనేవాడికి ఏదో అవమానం జరిగిందనుకుని కంగారుపడి, శుభ్రం చేసుకునే సామానంతా ఉచితంగా ఇస్తానన్నాడు. మళ్లీ ఒక అడుగు వేసేసరికి తోలు ఒర కూడా ఇచ్చాడు. సూర్యప్రకాశ్ మీద ఏ నేరమూ లేదని కంప్యూటర్ ఒప్పుకోవడంతో ఇద్దరూ విజయగర్వంతో ఇల్లు చేరారు.

గుమ్మం దగ్గరే ఆండాళ్ ఆపేసింది. వాళ్లది మడీ ఆచారమూ ఉన్న వైష్ణవుల ఇల్లు. తోలు లోపలికి రావడానికి వీల్లేదంది. తోలు వస్తువులన్నీ ఎక్కడుంటాయో ఇదీ అక్కడే ఉండాలి. అంటే గరాజ్‌లో, చెప్పుల స్టాండు మీద.

అది సర్దుకోకముందే పూజ ప్రశ్న వచ్చింది. ఆ ఇంటికి ఏ బండి వచ్చినా, ఎంత పాతదైనా, గుడికి తీసుకెళ్లి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా వాడరు. గుడికి ఫోన్ చేస్తే అర్చకస్వామి హడలిపోయి, దాన్ని పార్కింగ్ లాట్ దాకా కూడా తేవద్దని బతిమాలాడు. ఆండాళ్ ఇంట్లోనే చేసింది. పసుపు రాసి, పిడి మీద ఎర్రగా కుంకుమ బొట్టు పెట్టి, జాకెట్ ముక్క కప్పింది. నిమ్మకాయ దగ్గర చిక్కు వచ్చింది. దీనికి చక్రాలు లేవు. చివరికి నిమ్మకాయని పిస్తోలు పెట్టె కింద ఉంచి, పైనుంచి సూర్యప్రకాశ్ తన బరువంతా వేసి నొక్కాడు. రసం ఎగిరి ఇద్దరి మొహాల మీదా పిస్తోలు మీదా పడింది.

"నిమ్మరసం ఇనుముని తినేస్తుందే" అని ఆయన అదే నిమిషంలో మెయింటెనెన్స్ మొదలుపెట్టాడు. ఆ మొదలుపెట్టడం మొదలుపెట్టడమే. ఇక ఆపింది లేదు.

ఒరని గరాజ్‌లోనే వదిలి, యూట్యూబ్‌లో ఒక గడ్డం మనిషి చెప్పినట్టల్లా డైనింగ్ టేబుల్ మీద దాన్ని విప్పాడు. గడ్డం మనిషి స్ప్రింగ్‌ని వేలితో అదిమి పట్టుకోమన్నాడు. ఆ మాట చెప్పేలోపే సూర్యప్రకాశ్ స్ప్రింగ్‌ని వదిలేశాడు. అది గది దాటి, వంటింటి గట్టు దాటి, నైవేద్యానికి దించిపెట్టిన చక్రపొంగలిలో నిటారుగా దిగబడింది. ఆండాళ్ గరిటె పట్టుకుని కాసేపు దానికేసి చూస్తూ నిలబడింది.

"పెరుమాళ్లకి ఏం చెప్పను?" అంది చివరికి.

"జీడిపప్పు అనుకుంటాడులే" అన్నాడాయన. ఆ పూట ఆయనకి అన్నం ఆలస్యంగా దొరికింది.

పిస్తోలు గరాజ్‌లో చెప్పుల మధ్య ఉంది. తూటాలు మేడ మీద బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం దేవుడి గదిలో ఉంది, స్నానం చేయకుండా దేవుడి గదిలోకి పోకూడదు. దొంగే గనక వస్తే వాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, స్నానం చేసి, తాళం తీసుకుని, మేడెక్కి, గరాజ్‌లోకి దిగాలి. ఈ సంగతి మల్లికార్జునరావు ఎత్తి చూపిస్తే సూర్యప్రకాశ్‌కి కోపం వచ్చింది. భద్రత అంటే అలాగే ఉంటుందన్నాడు.

చలికాలం మొదలయ్యాక, షాపువాడిచ్చిన నూనె అయిపోయింది. నూనె నూనేగా అని ఆయన స్నానాలగదిలోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి లోపలా బయటా శుభ్రంగా పట్టించాడు. వర్జీనియా చలికి గరాజ్‌లో కొబ్బరినూనె ఏమవుతుందో తెలియనివాడు కాదు. తలకి రాసుకునేటప్పుడు ప్రతి జనవరిలోనూ సీసాని వేణ్ణీళ్లలో పెట్టేది ఆయనే. కానీ ఆ జ్ఞానం తల దగ్గరే ఆగిపోయింది, పిస్తోలు దాకా రాలేదు. కాల్చడం ప్రాక్టీస్ చేయడానికి రేంజ్‌కి వెళ్లి పైభాగాన్ని వెనక్కి లాగితే, అది రానని మొండికేసింది.

రేంజ్‌లో పర్యవేక్షించే ఆవిడ దగ్గరికొచ్చి గాలి పీల్చింది. "ఎవరైనా కుకీస్ తెచ్చారా?" అని అందరినీ అడిగింది. తర్వాత పిస్తోలు అందుకుని, అద్దాలు పైకి తోసి, లోపల తెల్లగా పేరుకున్న దాన్ని చూసింది.

"ఇందులో ఏం పోశారు?"

"తలకి రాసుకునేదే" అన్నాడు సూర్యప్రకాశ్ వినయంగా.

ఆవిడ మంచిది. పిస్తోలు నూనె ఒక చుక్క చాలు, వేసి తుడిచెయ్యాలి, తేమలేని చోట ఉంచాలి, తోలు ఒరలో దాచకూడదు అని ఓపిగ్గా చెప్పింది. ఆ మాటలు ఈయనకి వేదవాక్కులైపోయాయి. ఒర బయటికి పోయింది కాబట్టి పిస్తోలు లోపలికి రావడానికి ఆండాళ్‌కి అభ్యంతరం చెప్పే దారి లేకపోయింది. కింద ఉన్న గెస్ట్ రూమ్ దానికి ఇచ్చారు. తాళం వేసే ఇనప్పెట్టె, గాలిలో తేమ లాగే మిషను, మెత్తటి గుడ్డ. ప్రతి శుక్రవారం స్టవ్‌కి, వాషింగ్ మెషీన్‌కి పెట్టినట్టే ఆండాళ్ దానికీ బొట్టు పెట్టేది. పెడుతూ, "మా చిన్నల్లుడుగారు ఎలా ఉన్నారు?" అని అడిగేది. "ఉన్న అల్లుడికి ఆ గదిలో హీటర్ వెయ్యమంటే స్వెట్టర్ ఇచ్చారు. ఈయనగారికి మాత్రం మిషన్లు" అని సాధించేది.

తర్వాత ఆయన ఎక్కడో చదివాడు, ఇళ్లల్లో దొంగిలించిన తుపాకులతోనే చాలా నేరాలు జరుగుతాయని. ఇంట్లో బంగారం లేదు, దొంగ వచ్చినా పట్టుకుపోయేది లేదని ఇన్నాళ్లూ నిబ్బరంగా ఉన్న ఇల్లు అది. ఇప్పుడు దొంగిలించదగ్గ వస్తువు ఒకటి వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి సూర్యప్రకాశ్ ఇల్లు కదలడం మానేశాడు. శనివారం భజనకి ఆండాళ్ ఒక్కతే వెళ్లేది. తప్పనిసరిగా కూరలకి వెళితే, బెండకాయల ముందు నిలబడి ఫోన్‌లో ఇనప్పెట్టెని చూసుకునేవాడు. దాని ఎదురుగా కెమెరా పెట్టించాడు. ఇంటికి కాపలా కాయాల్సిన పిస్తోలు హాయిగా నిద్రపోతుంటే దానికి ఈయన కాపలా కాశాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయనకి మాత్రం నిజంగానే భయంగా ఉండేది. తన వస్తువు వల్ల ఎక్కడో ఎవరో చచ్చిపోతే ఆ పాపం తనదేనన్న భయం అది.

అటువంటి రోజుల్లో అనన్య ఫోన్ చేసింది. ఆ అమ్మాయి భర్త ప్రణవ్‌తో న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటోంది. తొలిచూలు. పురిటికి నెలరోజులకి పైగా టైముంది.

"నాన్నా, నువ్వు ముందే రావాలి. అమ్మ ఏడుస్తుంది. ప్రణవ్ బ్లడ్ చూస్తే పడిపోతాడు. నాకు నువ్వు ఉంటే భయం ఉండదు. ఐ మీన్ ఇట్."

"వస్తాను తల్లీ. నేను రాకపోతే ఎవరొస్తారు?" అన్నాడు. అన్నాక గెస్ట్ రూమ్ వైపు చూశాడు.

ఖాళీ ఇంట్లో దాన్ని వదిలి వెళ్లలేడు. తీసుకెళ్దామంటే న్యూజెర్సీలో పిస్తోలు చట్టాలు మహా గట్టివి, వర్జీనియాలో చెల్లేది అక్కడ చెల్లదు. ప్రణవ్ ఫోన్ లాక్కుని మరీ మొత్తుకున్నాడు: "మామయ్యగారూ, దయచేసి దాన్ని ఇటు తేకండి. నా గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ ఇంకా అవలేదు."

మల్లికార్జునరావుని అడిగితే, "మీ కారు ఇవ్వండి, ఏడాదైనా చూసుకుంటాను. ఇది మాత్రం మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వదు" అన్నాడు. బ్యాంక్ లాకర్‌లో పెట్టుకోవచ్చా అని బ్యాంక్‌కి వెళ్లి అడిగాడు. ఆ అడిగిన తీరుకి కౌంటర్‌లో అమ్మాయి మొహం పాలిపోయింది. మేనేజర్ వచ్చి మర్యాదగా బయటిదాకా సాగనంపాడు.

"వచ్చినచోటే అమ్మెయ్యండి" అంది ఆండాళ్.

"ఇప్పుడే కదే అది దారిలో పడింది. ఇంకా టైముందిగా, చూద్దాం."

ఆండాళ్ పురిటి మందులూ పచ్చళ్లూ సర్దుకుని ఒక్కతే రైలెక్కింది. స్టేషన్‌లో దింపినప్పుడు కూడా ఆయన ఒక కన్ను ఫోన్ మీదే వేసి ఉంచాడు. ఆవిడ అది చూసింది.

టైముందనుకున్నది పొరపాటని తొందరలోనే తేలింది. మూడు వారాలు ముందుగా, ఒక సోమవారం పొద్దున్నే ఆండాళ్ ఫోన్ చేసింది.

"నొప్పులొస్తున్నాయి. హాస్పిటల్‌కి వచ్చేశాం. మిమ్మల్నే అడుగుతోంది. బయల్దేరండి."

డేల్ షాపుకి సోమవారం సెలవు. సూర్యప్రకాశ్ గెస్ట్ రూమ్‌లో అటూ ఇటూ తిరిగాడు. ఇక ఆలోచించలేక ఇనప్పెట్టెని అలాగే ఎత్తి కారు డిక్కీలో పెట్టి, తాళం వేసి బయల్దేరాడు. దారిలో ఏదో ఒకటి తోస్తుందనుకున్నాడు. మేరీలాండ్ దాటింది, ఏమీ తోచలేదు. డెలావేర్ వచ్చింది, ఏమీ తోచలేదు. ఎదురుగా నది మీద పెద్ద వంతెన కనిపించింది. దాని అవతల న్యూజెర్సీ. వంతెనకి ముందు ఆఖరి ఎగ్జిట్ తీసుకుని, ఒక చిన్న ఊళ్లో పోలీస్ స్టేషన్ ముందు కారు ఆపాడు.

స్టీరింగ్ ముందు కూర్చుని చెప్పాల్సిన మాట రిహార్సల్ చేసుకున్నాడు. లోపలికి పోయి 'నా దగ్గర పిస్తోలుంది' అని మొదలుపెడితే వినేవాడు రెండో మాట దాకా ఆగడని తెలుసు. అందుకని పెట్టెని కార్లోనే వదిలి, రెండు చేతులూ పైకెత్తుకుని లోపలికి నడిచాడు.

"సర్, మా అమ్మాయికి పురిటి నొప్పులు" అన్నాడు.

బల్ల వెనక ఆఫీసర్ తింటున్న బేగెల్ పక్కన పెట్టి లేచాడు. "అంబులెన్స్ కావాలా?"

"వద్దు సర్. పిస్తోలు తీసుకునేవాళ్లు కావాలి."

ఆ రెండింటికీ సంబంధమేమిటో ఆఫీసర్‌కి బోధపడేసరికి కొంతసేపు పట్టింది. బోధపడ్డాక నవ్వి, వదిలేసుకుంటానంటే తీసుకుంటాం, అది పెద్ద పనేం కాదన్నాడు. ఇద్దరూ కారు దగ్గరికొచ్చారు. ఆఫీసర్ పెట్టె తెరిచి, జాకెట్ ముక్క తొలగించి, ఒక్కసారిగా వెనక్కి జరిగాడు.

"ఈ ఎర్రదేమిటి?"

"బొట్టు సర్."

"రక్తపు బొట్టా?"

"కాదు సర్. శుక్రవారం బొట్టు. మా ఆవిడ పెట్టింది. స్టవ్‌కి కూడా పెడుతుంది."

ఆఫీసర్ మొహంలో నవ్వు పోయింది. కారుకి దూరంగా, చేతులు కనపడేలా నిలబడమన్నాడు. రేడియోలో ఎవరినో పిలిచాడు. వాళ్లొచ్చి, చేతికి తొడుగులు వేసుకుని, దూది పుల్లతో బొట్టుని అద్ది సీసాలో వేశారు. అది రక్తం కాదని తేలాలి, పిస్తోలు నంబరు మీద ఏ కేసూ లేదని తేలాలి. చలిలో, ఎత్తిన చేతులతో సూర్యప్రకాశ్ కుంకుమ ఎలా తయారవుతుందో ముగ్గురు పోలీసులకి వివరించాడు. పసుపు, సున్నం అని చెబుతుంటే ఒకతను రాసుకున్నాడు కూడా. పిస్తోలు పూర్వ చరిత్ర అడిగితే, "సింగిల్ ఓనర్ సర్, ఆదివారాలు మాత్రమే" అని అలవాటుగా నోరు జారింది.

అప్పుడు ఆయన కోటు జేబులో ఫోన్ మోగింది.

"తీసుకోవచ్చా సర్?"

"నెమ్మదిగా" అన్నాడు ఆఫీసర్.

రెండు వేళ్లతో నెమ్మదిగా ఫోన్ బయటికి తీశాడు. వీడియోలో ఆండాళ్ మొహం ఊగింది, తర్వాత ఒక గులాబీరంగు గుడ్డ, అందులో గుప్పెడంత మొహం. కళ్లు ఇంకా తెరవలేదు. ఎవరో 'ఆడపిల్ల' అన్నారు. సూర్యప్రకాశ్ భుజం మీదుగా ముగ్గురు పోలీసులూ తొంగి చూశారు.

"కంగ్రాచులేషన్స్, గ్రాండ్‌పా" అన్నాడు ఆఫీసర్, ఇంకా చేతికి తొడుగులతోనే.

ఆండాళ్ ఆ యూనిఫారాల వైపు చూసింది. ఫోన్ పెట్టేసింది. సూర్యప్రకాశ్‌కి ఏడుపొచ్చింది. అది ఆనందం అనుకుని పోలీసులు ఆయన వీపు తట్టారు. అందులో ఆనందం సగమే. కూతురు రమ్మని అడిగింది తననొక్కడినే. ఆ ఒక్కడూ నదికి ఇవతల పార్కింగ్ లాట్‌లో నిలబడి ఉన్నాడు.

ఆఖరికి అది కుంకుమేనని నిర్ధారణ అయింది. కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇలా వచ్చినవాటిని మేం కరిగించేస్తాం అన్నాడు ఆఫీసర్. అంత నూనె పెట్టి, అంత తుడిచి, అంత కాపలా కాసిన వస్తువుని సూర్యప్రకాశ్ వెనక్కి తిరిగి చూడలేదు. వంతెన ఎక్కాడు.

హాస్పిటల్ గదిలోకి అడుగుపెట్టేసరికి అనన్య నీరసంగా పడుకుని ఉంది. "వచ్చావా నాన్నా" అని చెయ్యి చాపింది. లేటయిందనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. ప్రణవ్ కుర్చీలో తల వాల్చుకుని ఉన్నాడు, నుదుటి మీద ఐస్ సంచీ. ఆండాళ్ పాపని ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయనకేసి చూడనే లేదు.

ఇంతలో నర్సు వచ్చింది. పుట్టిన ప్రతి బిడ్డ విషయంలోనూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయంది. కార్ సీట్ ఉందా, ఇంట్లో సిగరెట్లు తాగేవాళ్లున్నారా అని వరసగా అడుగుతూ, అదే గొంతుతో అంది: "పాప ఉండే ఇంట్లో గానీ, వెళ్లి వచ్చే ఇళ్లల్లో గానీ తుపాకులున్నాయా?"

ప్రణవ్ ఐస్ సంచీని కళ్ల మీదికి లాక్కున్నాడు. అనన్య తండ్రి వైపు చూసింది.

"లేవు" అన్నాడు సూర్యప్రకాశ్. మళ్లీ గట్టిగా చెప్పాడు. "ఏ ఇంట్లోనూ లేవు."

ఆండాళ్ తల తిప్పింది. ఆయన ఖాళీ చేతుల వైపు, చలికి కందిపోయిన వేళ్ల వైపు చూసింది. జరిగింది ఎంతవరకు అర్థమైందో గానీ, మొహంలో బిగింపు కొంచెం సడలింది.

"తల్లి పడుకున్నప్పుడు పాప దగ్గర మేలుకుని కూర్చునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది నర్సు.

"ఈయనున్నారు" అంది ఆండాళ్. "కదలకుండా కూర్చుని కాపలా కాయడం ఈయనకి బాగా వచ్చు."

లేచి వచ్చి, పాపని ఆయన చేతుల్లో పెట్టింది.